మీకు తెలుసా? ఉప్పుగాలిలో వారాంతపు ఇల్లు

వాకాడు తీరాన బయటివాళ్ళు ఇళ్ళు కట్టడం నాలుగు వందల ఏళ్ళ కిందటే మొదలైందని మీకు తెలుసా? 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు దుగరాజపట్నంలో వర్తక స్థావరం వేసి, ఫిరంగులు పెట్టి కోట కట్టుకున్నారు. వాళ్ళ రికార్డుల్లో ఆ చోటి పేరు ఆర్మగాన్. ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో కోట గోడలు లేపిన తొలి తావుల్లో అదొకటి. అయినా ఎన్నాళ్ళో ఉండలేదు. 1640 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ డే, ఆండ్రూ కోగన్ అక్కడి మకాం ఎత్తేసి ఇంకా దక్షిణానికి పోయారు. వాళ్ళు దిగిన చోటే తర్వాత మద్రాసు అయింది.

ఇప్పుడు రాకపోకలు అటునుంచి ఇటు. తూపిలిపాళెం సముద్రం చూసి, సరుగుడు తోటల పక్కన ఓ చిన్న ఇల్లుంటే శనాదివారాలు ఇక్కడే గడపొచ్చు గదా అనుకునేవాళ్ళు చెన్నైలో, నెల్లూరులో, తిరుపతిలో ఉన్నారు. ఈ వారం ముచ్చట్లు వాళ్ళకోసం.

పాత మిద్దెలో ఇనుము లేదు

ఈ తీరంలోని పాత మిద్దెల కప్పులో దూలాలు, వాటిమీద అంచున నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుక, సున్నం, పైన జల్లి. ఇంతే. దీన్నే ఇంజనీర్లు మద్రాసు టెర్రేస్ అన్నారు. పులికాట్‌లో తవ్వి తీసిన గుల్లను కాల్చి సున్నం చేసేవారు. గాలిలో ఉప్పు అప్పుడూ ఉంది, కానీ ఆ కప్పులో తుప్పు పట్టడానికి కమ్మి లేదు. అందుకే తాతల మిద్దె నిలబడి ఉండగానే, పక్కనే మనవడు వేసిన స్లాబు పెచ్చులూడుతూ కనిపిస్తుంది.

దూలం సంగతి ఇంకో విశేషం. వేప, టేకు లాంటి చెట్లకు చేవ నడిమిలో ఉంటుంది. తాటికి వెలుపల ఉంటుంది, నడిమంతా మెత్తటి పీచు. ముదురు చెట్టును నిలువునా చీల్చి, నల్లటి పైభాగాన్నే దూలానికి వాడాలి. లోపలి మెత్తన వదిలితే చెదలను పిలిచినట్టే.

ఒకటిన్నర అంగుళం చాలదు

కాంక్రీటులో కమ్మికి రక్షణ సిమెంటులోని క్షారమే. అది ఇనుముమీద కంటికి కనిపించని పొర కట్టి ఉంచుతుంది. ఉప్పులోని క్లోరైడ్ మెల్లగా లోపలికి ఇంకి ఆ పొరను చీలుస్తుంది. ఆ తర్వాత పుట్టే తుప్పు అసలు ఇనుముకంటే రెండు మూడు రెట్లకు పైగా చోటు అడుగుతుంది. స్లాబు పగిలేది ఆ ఒత్తిడికే. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా లోపలి పని ఆగదు.

భారత ప్రమాణం ఐఎస్ 456 సముద్రతీర వాతావరణాన్ని ‘తీవ్రం’ అనే తరగతిలో పెట్టింది. కనీసం ఎం-30 కాంక్రీటు, కమ్మికి బయట 45 మిల్లీమీటర్ల కవరింగు ఉండాలంది. నీటి తుంపర నేరుగా తగిలే చోట ఎం-35, 50 మిల్లీమీటర్లు. ఊళ్ళో మామూలుగా వేసే ఇంటి స్లాబు కింద కవరింగు ఇందులో సగం ఉంటే గొప్ప. బేల్దారి మేస్త్రీ వద్దన్నా, కమ్మి కింద పెట్టే బిళ్ళలు మీరే కొని తెచ్చి, సెంట్రింగు మీద నిలబడి లెక్క చూసుకోండి. కాంక్రీటు పోసింతర్వాత చేసేదేమీ లేదు.

అదే ప్రమాణం కాంక్రీటు కలిపే నీళ్ళకూ హద్దు పెట్టింది: కమ్మి ఉండే కాంక్రీటుకు లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడ్ మించకూడదు. సముద్రపు నీటిలో అది 19,000 దాకా ఉంటుంది. స్థలంలో వేసిన బోరు ఉప్పదైతే, ఆ నీళ్ళతో కలిపిన కాంక్రీటుకు తుప్పు విత్తనం మొదటిరోజే పడ్డట్టు. నీళ్ళు పరీక్ష చేయించి, బాగాలేకపోతే మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించడం ఇంటి ఖర్చులో భాగమే.

బోరు ఎంత లోతు వేస్తే అంత ఉప్పు

మెట్ట ప్రాంతంలో నీళ్ళు పడకపోతే ఇంకా లోతు పొమ్మంటారు. ఇక్కడ ఆ అలవాటు కొంప ముంచుతుంది. ఇసుక తీరంలో వాననీరు కింది ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది, ఎందుకంటే ఉప్పునీరు కొంచెం బరువు. ఆ తేడా ఎంత చిన్నదంటే, సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్ళుంటే కింద దాదాపు 40 అడుగుల మేర మంచినీళ్ళు నిలుస్తాయి. ఈ లెక్కను 19వ శతాబ్దం చివర డచ్చివారైన బాడన్ గైబెన్, ఆ తర్వాత 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ వేరువేరుగా కట్టారు.

దీని రెండో వైపే భయపెట్టేది. మోటారు పెట్టి పైమట్టాన్ని ఒక్క అడుగు దించి, అలాగే తోడుతూ పోతే కింది ఉప్పు 40 అడుగులు పైకి లేవగలదు. ఒకసారి లేచిన ఉప్పు దిగాలంటే మంచి వానకాలాలు కావాలి.

లెక్క తెలియకముందే మన తీరంవాళ్ళకు జవాబు తెలుసు. దాని పేరు దొరువు. ఇసుకలో లోతు తక్కువగా, వెడల్పుగా తవ్విన గుంట. కుండతో ముంచుకుని కూరపాదులకు, నారుమళ్ళకు పోసేవారు. పైనున్న తియ్యటి పొరను మాత్రమే, అదీ మెల్లగా తీసుకోవడం అందులో కిటుకు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువునే మెరుగుపరిచింది: నడుమ సిమెంటు వరల బావి, దాంట్లోకి నాలుగు వైపులా ఇసుకలో అడ్డంగా పరిచిన చిల్లుల పీవీసీ గొట్టాలు, ఇసుక రాకుండా వాటికి చుట్టిన నైలాన్ వల. నీరు విశాలమైన మేర నుంచి కొంచెం కొంచెంగా చేరుతుంది కాబట్టి ఒక్కచోట మట్టం పడిపోదు. తోట పెంచాలనుకునే వారాంతపు ఇంటికి ఇంతకంటే తగిన ఏర్పాటు నాకు కనిపించలేదు. వానాకాలంలో కప్పుమీది నీళ్ళను కూడా ఇసుకలోకే ఇంకనిస్తే ఆ పొర ఇంకాస్త మందమవుతుంది.

పక్క పొలంలో ఉప్పునీటి రొయ్యల గుంటలున్నాయా అన్నది కొనకముందే చూడాల్సిన సంగతి. వేసవిలో వెళ్ళి చుట్టుపక్కల బావుల నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి. డిసెంబరులో ప్రతి బావీ తియ్యగానే ఉంటుంది.

వాన తడపని చోటే ముందు తుప్పు

వానకు తడిసే గేటుకంటే, వసారా కింద పొడిగా ఉండే ఇనుప గ్రిల్లు ముందు పాడవుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది. నీడలో ఉన్నదాని మీద ఉప్పు పేరుకుంటూ పోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీరు పీల్చుకుంటుంది, అలాంటి రాత్రులు ఇక్కడ చాలా ఉంటాయి. వచ్చిన ప్రతిసారీ గ్రిల్లు, కీళ్ళు, ఏసీ బయటి పెట్టె మంచినీళ్ళతో కడగడమే అన్నిటికంటే చవకైన మరమ్మతు. స్టెయిన్‌లెస్ స్టీలు కొంటుంటే 304 రకం సరిపోదు, మాలిబ్డినం కలిసిన 316 అడగండి.

గాలి కప్పును పైకి లాగుతుంది

నెల్లూరుకు ఐఎస్ 875 చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు అది 44. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటిన సంగతి ఇక్కడి పెద్దవాళ్ళకు బాగా గుర్తు.

రేకుల కప్పు గాలి బరువుకు కుంగుతుందని భయపడతాం. నిజానికి గాలి దాన్ని పైకి పీకుతుంది, అంచుల్లో, మూలల్లో మరీ ఎక్కువగా. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి. ఎదురుగాలికి ఒక్క కిటికీ పగిలినా లోపలి గాలి కూడా కప్పును తన్నడం మొదలుపెడుతుంది. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా కడితే, పోయినా అదొక్కటే పోతుంది.

సముద్రానికి 200 మీటర్లు

తీర నియంత్రణ ప్రకటన 1991లో మొదలై, 2011లోనూ 2019లోనూ మారింది. గ్రామాల తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు వీల్లేదన్నది 2011 నియమం. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనమున్న గ్రామాలకు 2019 ప్రకటన దాన్ని 50కి తగ్గించింది, మిగతాచోట్ల 200 అలాగే ఉంచింది. 200 నుంచి 500 మీటర్ల మధ్య నివాసాలకు 2011లో ఇచ్చిన వీలు తరతరాల హక్కున్న మత్స్యకార పల్లెల వంటివాటి కోసం. అది బయటినుంచి వచ్చినవారి విల్లాకు తెరిచిన తలుపు కాదు. ఆ మేరలో మోటారుతో భూగర్భజలం తోడటమూ కూడదన్నారు.

ఇసుక దిబ్బలకు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లకు అన్నిటికంటే గట్టి రక్షణ ఉంది. సముద్రం బాగా కనబడాలని దిబ్బను చదును చేయించేవాళ్ళు చట్టాన్ని మీరడంతో ఆగరు. ఉప్పెనకు అడ్డుగోడనూ, తియ్యటి నీటి పొరనూ ఒకేసారి పోగొడతారు, తమకే కాదు, వెనక ఉన్న పల్లెకు కూడా.

కాగితాలు

ఇక్కడ భూమి చవగ్గా వస్తోందంటే అది డీకేటీ పట్టా అయ్యే అవకాశం చూసుకోవాలి. పేదలకిచ్చిన ఇలాంటి అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్ళు దాటినవాటికి 2023లో సడలింపు తెచ్చినా, 22-ఎ నిషేధిత జాబితా చూడకుండా బయానా ఇవ్వకండి. రేవు వస్తుందన్న మాటమీదా కొనకండి. దుగరాజపట్నం ఓడరేవు తొలిదశ 2018 చివరికి పూర్తి కావాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఆ గడువుకు అది కట్టలేదు.

తాళం వేసి వెళ్ళే ముందు

డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా దాదాపు వారం పది రోజులు. పదిహేను రోజులకోసారి తెరిచే ఇల్లు దానికి అచ్చంగా సరిపోతుంది. పూలకుండీ పళ్ళెం, కూలర్, మూతలేని ట్యాంకు ఖాళీ చేసి తోమి పెట్టండి. ఆ గుడ్లు నీళ్ళు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి, ఉత్తినే నీళ్ళు పారబోస్తే చాలదు.

ఈ తీరంలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. అందుకని కప్పు తూములు తీయించడం, పగుళ్ళు పూడ్పించడం, రేకుల బోల్టులు బిగించడం దసరాలోపే అయిపోవాలి. ఇల్లు చూసే మనిషి ఊళ్ళోవారై ఉండి, నెలనెలా జీతం అందుకుంటూ, వారానికి రెండుసార్లు కిటికీలు తెరిచి గాలాడిస్తే, ఆ జీతం స్లాబు మరమ్మతు కంటే ఎప్పుడూ తక్కువే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం వైపు దీపాలు వెలిగించవద్దని కూడా ఆయనకు చెప్పి ఉంచండి. గుడ్డు పగిలి బయటికొచ్చే ఆలివ్ రిడ్లీ పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి.