సజ్జ కింద కందిరీగల తుట్టె కనిపించిందా..? అగ్గిపెట్టె తీసే ముందు ఇది చదవండి..!

బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే తల మీద గుయ్‌మని చప్పుడు. పైకి చూస్తే సజ్జ మూలన బూడిద రంగు తుట్టె..! ఇక ఇంట్లో హడావుడి మొదలు. ఒకరు చీపురు కర్ర తెమ్మంటారు, ఇంకొకరు కిరోసిన్ గుడ్డ కట్టమంటారు. ఈలోగా ఎవరో ఫోన్‌లో వీడియో చూపించి, 'చలికాలం దాకా ఆగితే అవే చచ్చిపోతాయట' అంటారు.

ఆ మాట అమెరికా, యూరప్‌లోని చలి దేశాలకు సరిపోతుంది. అక్కడ గడ్డకట్టే చలికి తుట్టె మొత్తం ఖాళీ అవుతుంది, కొత్త రాణులు మాత్రమే ఎక్కడో దాక్కుని బతుకుతాయి. మన దగ్గర అంత చలి ఎక్కడిది? దక్షిణ భారతంలో మామూలుగా కనిపించే రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగ మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ బృందం దశాబ్దాల పాటు పరిశోధన చేసింది. ఈ జాతి ఏడాది పొడవునా గూళ్లు నడుపుతుంది. రాణి పోతే అదే గూటిలోని మరో ఆడ ఈగ ఆ స్థానం తీసుకుంటుంది. అంటే 'అదే పోతుందిలే' అని కూర్చుంటే కుదరకపోవచ్చు. అలాగని కనిపించిన ప్రతి గూటినీ పీకేయాల్సిన పనీ లేదు. ముందు అది ఏ రకమో చూడాలి.

మట్టి గూడైతే భయపడకండి:

గోడ మీద, ఫొటో ఫ్రేమ్ వెనక, ప్లగ్ రంధ్రంలో మట్టి ముద్దలా ఉంటే అది ఒంటరి కందిరీగ పని. దానికి కాపలా దళం ఉండదు, చేత్తో పట్టుకుంటే తప్ప దాదాపు కుట్టదు. పచ్చ పురుగునో, సాలీడునో కుట్టి కదలకుండా చేసి లోపల పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూత వేస్తుంది. కొన్నాళ్లకు అందులోంచి కందిరీగ బయటికొస్తుంది. పురుగే కందిరీగగా మారిందని పెద్దలు అనుకున్నది దీన్ని చూసే. భ్రమరకీటక న్యాయం అనే మాట అలా వచ్చిందే. అసలు సంగతి ఏంటంటే, పిల్ల కందిరీగ ఆ పురుగును తినేసి పెరుగుతుంది! గూటికి రంధ్రం ఉంటే అది ఖాళీ అయినట్టే, గీకేయండి. స్విచ్‌బోర్డులో ఉంటే మాత్రం మెయిన్ ఆపకుండా పుల్ల పెట్టొద్దు.

కాగితం లాంటి తుట్టె సంగతి వేరు. ఎండు కర్రను నమిలి, ఉమ్మితో కలిపి కట్టే ఈ గూటిలో గదులు కింద నుంచే కనిపిస్తాయి. ఇవి ఊరికే వచ్చి కుట్టవు, గూటికి ముప్పు అనుకుంటేనే మీద పడతాయి. పైగా పిల్లల కోసం పచ్చ పురుగులను వేటాడతాయి కాబట్టి పెరట్లో వంగ, టమాటా మొక్కలున్న వాళ్లకు మేలే. ఎవరూ తిరగని ఎత్తులో ఉంటే వదిలేయడమే మంచిది. అదే గుమ్మం, కిటికీ, మీటర్ బాక్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ట్యాంక్ మూత లాంటి చేయి తగిలే చోట ఉంటే మాత్రం తీయాలి.

రూపాయి బిళ్లంత గూడు, ఒకటి రెండు ఈగలు.. తీయడానికి అదే అదను. చీకటి పడ్డాక, ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకుని, పొడవాటి కర్రతో రాల్చేసి పక్కకు తప్పుకోవచ్చు. నిచ్చెన ఎక్కి మాత్రం ఈ పని చేయొద్దు. కుట్టగానే ఉలిక్కిపడి కింద పడితే ఆ దెబ్బే పెద్దది. తెల్లటి టార్చ్ వేస్తే ఈగలు వెలుగు వైపే వస్తాయి. ఎరుపు రంగు వాటికి సరిగా కనిపించదు, టార్చ్‌కు ఎర్ర కాగితం చుడితే నయం.

తుట్టె అరచేతిని దాటిందా, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి. పొట్ట మీద వెడల్పాటి పసుపు పట్టీ ఉండే పెద్ద కందిరీగలైతే అసలు దగ్గరికే పోవద్దు. ఇవి చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో గూడు కడతాయి. దారి మూసేద్దామని సిమెంట్ పూస్తే ఇంకో సందు వెతుక్కుని ఇంట్లోకే రావచ్చు.

ఇక మంట సంగతి.. కాగడా పెడితే గూడు కాలుతుంది కానీ బయట ఉన్నవి, ఎగిరినవి మిగిలే ఉంటాయి, రెచ్చిపోయి మరీ! పక్కనే ఏసీ వైర్లు, గ్యాస్ పైపు, కర్టెన్లు. ఒకరు స్ప్రే కొడుతుంటే మరొకరు అగ్గి పట్టుకోవడం ఇంకా ఘోరం. ఆ డబ్బాలో ఉండేది మండే గ్యాసే.

కుడితే ఏం చేయాలి..?

తేనెటీగ ముల్లు ఒంట్లోనే వదిలేస్తుంది. కందిరీగ ముల్లు ఊడదు, అందుకే ఒక్కటే మళ్లీ మళ్లీ కుట్టగలదు. అక్కడే నిలబడి కొట్టొద్దు. నలిగిన ఈగ నుంచి వచ్చే వాసన మిగతా వాటిని రెచ్చగొడుతుంది. ముఖం కప్పుకుని వెంటనే లోపలికి వెళ్లి తలుపు వేయండి. కుట్టిన చోట సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరం తీసేయండి. సున్నం పూయొద్దు, చర్మం కాలుతుంది.

ఊపిరి ఆడకపోవడం, పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, కళ్లు తిరగడం.. వీటిలో ఏది కనిపించినా అది అలర్జీ దెబ్బ కావచ్చు. ఒక్క కాటుకే, నిమిషాల్లోనే ప్రాణం మీదకు రావచ్చు. 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. అప్పుడు కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షనే, ఇంట్లోని అలర్జీ మాత్ర కాదు.

చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. పదుల సంఖ్యలో కుట్టినప్పుడు, ముఖ్యంగా పెద్ద కందిరీగలు కుట్టినప్పుడు, ఆ పూటకు బాగానే ఉన్నట్టు అనిపించినా తర్వాత ఒకటి రెండు రోజుల్లో కిడ్నీలు దెబ్బతినొచ్చు. మూత్రం తగ్గినా, టీ డికాక్షన్ రంగులోకి మారినా ఆలస్యం చేయొద్దు. అసలు అన్ని కాట్లు పడ్డాయంటే లక్షణాల కోసం చూడకుండా ఆస్పత్రికి వెళ్లడమే. ఎప్పుడు కుట్టాయి, సుమారు ఎన్ని కాట్లు పడ్డాయి అన్నది డాక్టర్‌కు ముందే చెప్పండి.