తెర మీద కనిపించని వాడ

2020లో హాస్టళ్లు మూతపడగా నేను తెర ముందు కూర్చొని డిగ్రీ పాఠాలు చెప్పాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల విద్యార్థులు కనిపించారు. చుట్టుపక్కల దళితవాడల, తండాల పేర్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. "సార్, పత్తి ఏరను పోతున్న. ఇంట్ల ఒక్కటే ఫోను, అది తమ్మునికిచ్చిన" అన్నదొక విద్యార్థిని. ఆమె హాజరు పట్టీలో నేనే సున్నా వేశాను.

2017-18 జాతీయ నమూనా సర్వే నాటికే గ్రామాల్లో కంప్యూటరున్న ఇళ్లు నూటికి అయిదైనా లేవు. అయినా సెమిస్టరులో 40 శాతం కోర్సుల వరకు 'స్వయం' వేదికపై చదవవచ్చని యూజీసీ 2021లో నిబంధన చేసింది. అంతర్జాల వినియోగం విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది. రిజర్వేషన్ సీటునిస్తుంది, ఆ సీటులో కూర్చోవడానికి హాస్టలు గది, ల్యాప్‌టాప్, డేటా కావాలి. అవి దయ కాదు, హక్కు. లేదంటే ఊరవతలి వాడ తరగతికీ అవతలే మిగులుతుంది.