ముత్తాత పేరు ఏ ఆఫీసులో దొరుకుతుంది? రాజయ్యపేట లాంటి తీర గ్రామాల్లో వంశ చరిత్ర వెతకాలంటే..

వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూపు ఉంటే ఒకసారి "మన ముత్తాత పేరేంటి?" అని అడిగి చూడండి. ఒకరు ఒక పేరు చెబుతారు. ఇంకొకరు కాదంటారు. కాసేపటికి మళ్లీ గుడ్ మార్నింగ్ ఫొటోలు మొదలవుతాయి. ఆ పేరు నిజంగా తెలుసుకోవాలంటే ఏం చేయాలి? ఏ కార్యాలయానికి వెళ్లాలి?

మీ తాతగారి ఊరు రాజయ్యపేట అనుకుందాం. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో, సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం ఇది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పార్కు వద్దంటూ అదే ఏడాది ఇక్కడి మత్స్యకారులు రోడ్డెక్కడంతో ఊరి పేరు వార్తల్లోకి వచ్చింది. ఊరి భవిష్యత్తు గురించి ఇంత చర్చ నడుస్తున్నప్పుడు, ఎవరి కుటుంబం ఎన్ని తరాలుగా అక్కడ ఉందనేది కాలక్షేపం ప్రశ్నగా మిగలదు.

మొదటి పని ఆఫీసుల్లో కాదు, ఇంట్లో. పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేయండి. "ఏ సంవత్సరంలో పుట్టావు మామ్మా?" అంటే జవాబు రాదు. "వైజాగ్‌లో బాంబులు పడేటప్పటికి పుట్టావా?" అని అడగండి. జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ ఒక్క గుర్తుతో వయసు లెక్క చాలావరకు తేలిపోతుంది. మామ్మ పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాసుకోండి. సర్కారు కాగితాల్లో ఆమె ఎక్కువగా 'ఫలానా వారి భార్య'గానే ఉంటుంది. ఆ పేరు చెప్పే చివరి మనిషి ఆమే కావచ్చు.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. అనకాపల్లి నూకాంబిక పేరు మీద నూకరాజులు, నూకాలమ్మలు, సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పారావులు, అప్పలరాజులు ఇంటింటా ఉంటారు. పైగా తాత పేరు మనవడికి పెడతారు. కాబట్టి ఒట్టి పేరుతో వెతికితే ఎటూ తేలదు. ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు.. మూడూ కలిస్తేనే ఆ మనిషి మీవాడని అనుకోండి.

వంశ చరిత్ర అనగానే అందరూ మీభూమి పోర్టల్ తెరుస్తారు. భూమి ఉన్న కుటుంబానికి అడంగల్, 1బీ పనికొస్తాయి. జమీందారీ గ్రామాలైతే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ కాపీ కోసం తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అంతకుముందు లెక్కలన్నీ కరణం చేతిలోనే ఉండేవి. కానీ సముద్రం మీద బతికిన కుటుంబాల్లో చాలామందికి సాగు భూమే లేదు. భూమి రికార్డులో పేరు లేదంటే ఊళ్లో లేరని అర్థం కాదు. ఈ మాట వెతికేవాళ్లూ మరిచిపోతారు, అధికారులూ మరిచిపోతారు.

అలాంటివారి ఆనవాళ్లు చిన్న చిన్న రిజిస్టర్లలో ఉంటాయి. పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టర్, మత్స్యకార సహకార సంఘం సభ్యుల జాబితా, పాత ఓటరు జాబితాలు చూడండి. అన్నిటికంటే బడి అడ్మిషన్ రిజిస్టర్ మేలు. అందులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం పూర్తిగా నమ్మకండి. చాలాసార్లు అది మాస్టారి అంచనా!

ఇల్లో, స్థలమో కొన్నా అమ్మినా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో జాడ ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి ఆఫీసులోనే వెతికించుకోవాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే 1వ పుస్తకాన్ని, దాని ఇండెక్సును ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. "మీకేం సంబంధం?" అని అడిగితే ఈ సెక్షన్ గుర్తు చేయండి. వీలునామాల సంగతి వేరు. రాసిన వ్యక్తి మరణించాకే ఇతరులు నకలు అడగొచ్చు.

జనన మరణాలకు 1969 చట్టం సెక్షన్ 17 ఉంది. ఫీజు కడితే రిజిస్టర్‌లో వెతికించి నకలు ఇస్తారు. మరణానికి కారణం మాత్రం అందులో రాయరు. నమోదు లేకపోతే 'లభ్యం కాలేదు' అనే ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ఎక్కడెక్కడ వెతికారో చెప్పడానికి అదీ కాగితమే.

కౌంటర్ దగ్గర పని జరగకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. 'వ్యక్తిగత సమాచారం' అంటూ తిరస్కరిస్తే సెక్షన్ 8(3) చూపండి. 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదు. దరఖాస్తులో ఊరి పేరుతో పాటు పాత జిల్లా పేరూ రాయండి. అనకాపల్లి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు కాగితాలన్నీ విశాఖపట్నం జిల్లా, తాలూకాల పేర్లతోనే ఉంటాయి. 1953కు ముందైతే మద్రాసు రాష్ట్రం. ఆనాటి ప్రభుత్వ ఫైళ్లు చాలావరకు చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

జనాభా లెక్కల కోసం మాత్రం తిరగకండి. 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు. అమెరికాలో 72 ఏళ్లు దాటితే బయటపెడతారు, మన దగ్గర ఆ వీలే లేదు.

కుటుంబంలో ఎవరైనా 'ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదు' అంటే ఏ దేశమో ముందు అడగండి. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860-1911 మధ్య, ఫిజీకి 1879-1916 మధ్య ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఆనాటి రికార్డుల్లో ఉన్నాయి. వాటిలో విశాఖపట్నం 'వైజాగపటం'గా కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి ఎక్కువమంది వెళ్లింది బర్మాకు. మేస్త్రీల వెంట రంగూన్ పడవెక్కినవారికి అలాంటి పాసులు లేవు. వాళ్ల కోసం ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదులు వెతకాలి. వాటికీ ఒక ఫొటో తీసి ఉంచండి, ఉప్పుగాలికి కాగితం ఎక్కువ కాలం నిలవదు.