వానలో అందుకున్న ట్రోఫీ: పాప్వా సెవ్‌గోలమ్ గోల్ఫ్ ప్రస్థానం

కుడిచేతి వాటం గోల్ఫర్ కర్రను పట్టుకున్నప్పుడు సాధారణంగా ఎడమ చేయి పైన, కుడి చేయి కింద ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు చెందిన భారత సంతతి క్రీడాకారుడు సెవ్‌సంకర్ ‘పాప్వా’ సెవ్‌గోలమ్ పట్టు ఇందుకు సరిగ్గా విరుద్ధం. బీచ్‌వుడ్ మైదానంలో ఇతరుల సంచులు మోసే క్యాడీగా ఉంటూ, శిక్షకుడు లేకుండా అలవరచుకున్న ఆట అది. నిపుణులు తప్పుపట్టే ఆ పట్టుతోనే ఆయన 1959, 1960, 1964 సంవత్సరాల్లో డచ్ ఓపెన్‌ను గెలుచుకున్నారు. ఆయన ప్రతిభను గుర్తించి తొలిసారి ఐరోపాకు తీసుకువెళ్లినది ‘ఆయిల్ ఆఫ్ ఓలే’ను రూపొందించిన రసాయన శాస్త్రవేత్త గ్రాహం వుల్ఫ్.

స్వదేశంలో పరిస్థితి వేరు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్‌లో జరిగిన నేటాల్ ఓపెన్‌లో ఆయనే విజేత. అయితే శ్వేతజాతేతరులకు క్లబ్ భవనంలోకి ప్రవేశం లేదు. తెల్లవారు లోపల ఉండగా, ఆయన బయట వానలో ట్రోఫీ అందుకున్నారు. దానిని కిటికీలోంచి అందించారన్నది తరువాత అల్లుకున్న కథ కావచ్చు. అంత అలంకారం అవసరం లేని ఘటన అది. ఆ ఛాయాచిత్రం పలు దేశాల పత్రికల్లో వెలువడి, వర్ణవివక్ష పాలనపై క్రీడా బహిష్కరణ కోరుతున్నవారికి సాక్ష్యంగా నిలిచింది.

1965లో అదే టోర్నీలో, కొద్ది నెలల తరువాత అమెరికా ఓపెన్ గెలవబోతున్న గ్యారీ ప్లేయర్‌ను వెనక్కి నెట్టి ఆయన మళ్లీ టైటిల్ సాధించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనను దేశీయ టోర్నీల నుంచి నిషేధించింది. పాస్‌పోర్టునూ ఉపసంహరించుకోవడంతో విదేశాల దారీ మూసుకుపోయింది. 1978లో పేదరికంలోనే ఆయన కన్నుమూశారు. డర్బన్‌లో ఉమ్‌గేని నది ఒడ్డునున్న పురపాలక గోల్ఫ్ మైదానం నేడు ఆయన పేరుతో ఉంది.