ములాఖత్ కోసం ఒక అర్జీ

సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా పక్కింటి పెద్దమ్మ ఫోన్ పట్టుకుని మా అరుగు మీదకి వచ్చింది. "నువ్వు చదివేది కంప్యూటర్లేగా నాయనా, జైల్లో మావాణ్ణి చూడాలంటే ఫోన్లో టైం రాయించుకోవాలంట. కాస్త చూడు" అంది.

వాళ్ళబ్బాయి గట్టు తగాదాలో జరిగిన కొట్లాట కేసులో రిమాండ్‌లో ఉన్నాడు. అంతకుముందు ఆమె ఒకసారి రెండు బస్సులు మారి వెళ్ళింది. ఆధార్ జిరాక్స్ చాలదు, ఒరిజినల్ కావాలన్నారట. గేటు బయటి నుంచే తిరిగొచ్చేసింది. మా సత్తెనపల్లి వైపు అప్పుడే మిరపకోతలు మొదలయ్యాయి. కోతల రోజుల్లో ఒక పూట పోతే ఆ కూలి మళ్ళీ రాదు. బస్సు ఛార్జీ, కూలి, కొడుకు ముఖం, మూడూ ఒకేరోజు పోయాయి.

ఇంగ్లీష్ మీడియం చదువు కాబట్టి 'ములాఖత్' అనే మాట నేను సినిమాల్లో తప్ప ఎక్కడా వినలేదు. ఖైదీని ఇంటివాళ్ళు కలుసుకోవడాన్నే అలా అంటారు. సీఎస్ఈ వాడిని కదా, నాకు వెంటనే వచ్చిన ఐడియా "దీనికి ఒక యాప్ చేద్దాం" అని. కాస్త వెతికితే తెలిసింది, అది ఎప్పుడో ఉంది. ఎన్.ఐ.సి. తయారుచేసిన ఈ-ప్రిజన్స్ వ్యవస్థలో ఈ-ములాఖత్ అనే భాగం ఉంది. చూడటానికి వచ్చేవాళ్ళ పేరు, గుర్తింపు కార్డు, ఖైదీ పేరు, జైలు పేరు, తేదీ ఇచ్చి, నేరుగా కలవాలా వీడియోలో మాట్లాడాలా ఎంచుకోవాలి. జైలు వాళ్ళు ఒప్పుకుంటే మెసేజ్ వస్తుంది.

అంటే సాఫ్ట్‌వేర్ లేక కాదు సమస్య. దాని దాకా పెద్దమ్మ చేరలేకపోవడం సమస్య. అందుకని మా ఎన్ఎస్ఎస్ బ్యాచ్‌లో ఐదుగురం ఒకటి అనుకున్నాం. వారానికి ఒకరోజు జైలు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చుని వచ్చినవాళ్ళకి ఫారాలు నింపి పెడదామని. మరి ఎవరిని అడగాలి? అడిగితే ఏమవుతుంది? ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

కలుసుకోవడం దయా, హక్కా?

మన జైళ్ళకి పునాది 1894 నాటి జైళ్ళ చట్టం. అందులో 40వ సెక్షన్ ప్రకారం విచారణలో ఉన్న ఖైదీలు ఎవరితో మాట్లాడాలనుకుంటారో వాళ్ళని తగిన వేళల్లో, తగిన కట్టుబాట్లతో లోపలికి రానివ్వడానికి ఏర్పాటు ఉండాలి. 41వ సెక్షన్ వచ్చినవాళ్ళని సోదా చేయొచ్చంటుంది. 42వ సెక్షన్ నిషేధించిన వస్తువులు లోపలికి చేర్చితే ఆరు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. ఒకే చోట మూడు సెక్షన్లు: ఒకటి తలుపు తెరుస్తుంది, రెండు కాపలా కాస్తాయి. జైలు అధికారి ఆలోచన కూడా ఇలాగే ఉంటుందని నాకు తర్వాత అర్థమైంది.

ఇది దయ కాదు, హక్కు అని గట్టిగా చెప్పింది సుప్రీంకోర్టు. ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ అనే బ్రిటిష్ మహిళని ముందస్తు నిర్బంధ చట్టం కింద తీహార్ జైల్లో పెట్టారు. ఐదేళ్ళ కూతుర్ని నెలకి ఒక్కసారే చూడనిచ్చేవాళ్ళు. 1981లో కోర్టు ఆ నిబంధన చెల్లదంది. ఇంటివాళ్ళని కలుసుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తేల్చింది.

ఇంకో కేసు పేరులోనే మన రాష్ట్రం ఉంది: ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2006. తల్లితో పాటు జైల్లో ఉండే పిల్లల గురించి. ఆరేళ్ళ వయసు వరకు పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చు, ఆ తర్వాత బయట ఉంచినా తల్లి వారానికి ఒక్కసారైనా చూసుకునే వీలు ఉండాలి అంది కోర్టు.

ఇక్కడ ఒక లెక్క. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, ఇంకా శిక్ష పడనివాళ్ళే. పెద్దమ్మ కొడుకు లాంటివాళ్ళు. తప్పు చేశారని తేలకముందే ఇంటికి దూరమైనవాళ్ళు.

అర్జీ ఎవరి టేబుల్ మీదకి వెళ్తుంది?

రాజ్యాంగం ప్రకారం జైళ్ళు రాష్ట్రాల జాబితాలోనివి. కేంద్రం 2016లో మోడల్ ప్రిజన్ మాన్యువల్, 2023లో మోడల్ చట్టం తయారుచేసి పంపింది. ఫోన్ సౌకర్యం, ఉత్తరాలు, ములాఖత్‌లు మెరుగుపరచడం గురించి వాటిలో మంచి మాటలే ఉన్నాయి. కానీ అవి నమూనాలు. రాష్ట్రం తన చట్టంలోకో రూల్స్‌లోకో తెచ్చుకుంటేనే అమలవుతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా, అలాగన్నమాట.

కాబట్టి ప్రతిపాదన పెట్టేముందు అది ఏ మెట్టు మీద తేలుతుందో చూసుకోవాలి. వెయిటింగ్ షెడ్‌లో నీళ్ళ కుండ, తెలుగులో బోర్డు, కూర్చోడానికి బెంచీలు లాంటివి జైలు సూపరింటెండెంట్ దగ్గర తేలే పనులు. ఒక సంస్థ వారం వారం లోపలికి వచ్చి కార్యక్రమం చేయాలంటే పై అధికారుల అనుమతి కావాలి. ములాఖత్‌ల సంఖ్య పెంచాలన్నా, కొత్తగా ఫోన్ వసతి రావాలన్నా రూల్స్ మారాలి. అది హోం శాఖ జీవో దాకా వెళ్ళే పని. మూడో మెట్టు పనిని మొదటి మెట్టు అధికారిని అడిగితే ఆయన "చూద్దాం" అంటాడు. అది కాదనడం కాదు, ఆయన చేతిలో లేదని అర్థం.

పక్క దారులూ ఉన్నాయి. ఒకటి జైలు సందర్శకుల బోర్డు. మోడల్ మాన్యువల్ ప్రకారం జిల్లా జడ్జి, కలెక్టర్ లాంటి అధికారులతో పాటు బయటి సామాజిక కార్యకర్తలు కూడా అందులో ఉండాలి. వాళ్ళు పుస్తకంలో రాసిన మాటకి జైలు జవాబు చెప్పుకోవాలి. రెండోది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 చట్టం కింద వచ్చింది, పారా లీగల్ వాలంటీర్లు ఉంటారు. మూడోది సమాచార హక్కు చట్టం: అర్జీ ఏమైందని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఉత్తరం రాస్తే ఏమవుతుందిలే అనుకోకండి. 2013లో మాజీ ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ దేశంలోని 1382 జైళ్ళ పరిస్థితి మీద రాసిన ఉత్తరమే సుప్రీంకోర్టులో కేసయింది. 2017 సెప్టెంబర్ తీర్పులో కుటుంబ సందర్శనలని ప్రోత్సహించాలని, సమయం పెంచే వీలు చూడాలని, ఫోన్, వీడియో మాటలు ఇంటివాళ్ళతో కూడా సాధ్యమేమో పరిశీలించాలని కోర్టు చెప్పింది. అమెరికాలో మార్తా రైట్ అనే అమ్మమ్మ జైల్లో ఉన్న మనవడితో మాట్లాడే ఫోన్ కాల్స్ ఖరీదు భరించలేక 2000లో కోర్టుకి, 2003లో టెలికాం కమిషన్‌కి వెళ్ళింది. ఆమె పేరు మీద చట్టం వచ్చింది 2023 జనవరిలో. అప్పటికి ఆమె లేదు. అర్జీలు పనిచేస్తాయి, కానీ మన సెమిస్టర్ క్యాలెండర్ ప్రకారం కాదు.

మా అర్జీ ఏమైంది?

ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక పేజీ లెటర్ ఇచ్చాం. కొన్ని వారాల తర్వాత మా ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని, మాలో ఇద్దరిని పిలిచారు. అధికారి మూడు ప్రశ్నలు అడిగారు.

"ఫారాల్లో ఉన్న పేర్లు, ఆధార్ నంబర్లు మీ ఫోన్లలో ఉండిపోవా?" డేటా ప్రైవసీ మీద ఇంటర్నల్ రాసిన మాకు ఈ ప్రశ్న ముందే తట్టలేదు. సిగ్గేసింది.

"పరీక్షలప్పుడు మీరు రాకపోతే? మీ కోసం ఎదురుచూసి టైం దాటిపోయినవాళ్ళకి ఎవరు చెప్పాలి?" దీనికీ మా దగ్గర జవాబు లేదు.

"లోపలికి ఒక పొట్లం ఇవ్వు బాబూ అని ఎవరైనా బతిమాలితే ఏం చేస్తారు?" ఇవ్వం సార్ అన్నాం. "పెద్దావిడ ఏడుస్తూ అడిగినా?" అన్నారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అప్పటిదాకా నేను జైలు శాఖ అంటే అన్నిటికీ అడ్డం చెప్పేదే అనుకున్నాను. ఆ ప్రశ్నలన్నీ సరైనవే. ఒకళ్ళకి చేసిన సాయం ఇంకొకళ్ళకి అన్యాయం కాకూడదు, ఇవాళ మొదలైంది రేపు ఆగిపోకూడదు, ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆయన. అయితే అవతలి వైపూ ఒక నిజం ఉంది. ఆయన జాగ్రత్తకి అయ్యే ఖర్చు కట్టేది మాత్రం బస్సు దిగి గేటు దగ్గర నిలబడే మనిషి. రెండూ నిజమే కాబట్టే మధ్యలో మన లాంటివాళ్ళ అవసరం ఉంది.

టేబుల్‌కి ఒప్పుకోలేదు. ఫారాలు నింపే పనికి న్యాయ సేవాధికార సంస్థ వాలంటీర్లని కలవమన్నారు. బయటి షెడ్‌లో తెలుగు పోస్టర్‌కి సరే అన్నారు. ప్రతి లైనూ వాళ్ళు చూశాకే. మా మొదటి డ్రాఫ్ట్‌లో "దరఖాస్తుదారు విధిగా సమర్పించవలెను" లాంటివి ఉన్నాయి. పెద్దమ్మకి చదివి వినిపిస్తే "ఇదేం భాషరా" అంది. మార్చి రాశాం: ఒరిజినల్ ఆధార్ తెచ్చుకోండి. ముందు రోజే ఫోన్లో టైం తీసుకోండి. మెసేజ్ వచ్చాకే బయల్దేరండి. ఫోన్ లేకపోతే ఎవరిని అడగాలో ఇక్కడ రాశాం. తెలుగు సాహితీ క్లబ్‌లో ఉండి నేను రాసిన వాటిలో ఎక్కువమంది చదివేది ఆ నాలుగు లైన్లే అయ్యుండాలి.

మీరూ ఇలాంటిది ఏదైనా అనుకుంటే నా సలహా: చిన్నది అడగండి. ఎవరి చేతిలో ఉందో వాళ్ళనే అడగండి. డేటా, భద్రత, మీరు లేని రోజు, ఈ మూడిటికీ జవాబు లెటర్‌లోనే రాయండి. అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. శిక్ష పడితే మనవాళ్ళకి దగ్గర సెంట్రల్ జైళ్ళు రాజమండ్రి, నెల్లూరు. గుంటూరు నుంచి రాజమండ్రి దాదాపు 190 కిలోమీటర్లు. ఖైదీలని వీలైనంతవరకు ఇంటికి దగ్గర్లో ఉంచాలని ఐక్యరాజ్యసమితి 2015 నాటి మండేలా నియమాలు చెబుతున్నాయి. ఆ దూరాన్ని మనం తగ్గించలేం. అంత దూరం వెళ్ళినవాళ్ళు ఊరికే తిరిగి రాకుండా మాత్రం చూడగలం.

పెద్దమ్మకి ఫిబ్రవరిలో మెసేజ్ వచ్చింది. ఆదివారం కాదు, మళ్ళీ కోత రోజే. కూలి పోయినా వెళ్ళొచ్చింది. "చిక్కిపోయాడు, కానీ నవ్వాడు" అని మా అమ్మతో చెప్పిందట.