పాత కంప్యూటర్లలో పసిడి నిక్షేపాలు
శాస్త్రీయ పద్ధతిలో వెలికితీతే శ్రేయస్కరం

రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి నేడు పారిశ్రామిక కేంద్రంగా రూపుదిద్దుకున్నది. 20,761 కోట్ల రూపాయల పెట్టుబడితో హైదరాబాద్ పరిసరాలలో మూడు డేటా కేంద్రాలు నెలకొల్పనున్నట్లు అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ 2020లో ప్రకటించింది. 2022 నవంబరులో సేవలు ప్రారంభించిన ఈ కేంద్రాలలో ఒకటి చందనవెల్లిలో ఉన్నది. ఇటువంటి కేంద్రాలలోని సర్వర్లను సాధారణంగా ఐదారేళ్లకు మార్చవలసి ఉంటుంది. అందువలన పాత పరికరాలను ఎవరికి, ఏ విధంగా అప్పగించాలన్నది ఈ ప్రాంతానికి ముఖ్యమైన అంశం.

వ్యర్థంలో అర్థం

ప్రపంచవ్యాప్తంగా 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు వెలువడగా, అందులో 22.3 శాతం మాత్రమే సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు ఐక్యరాజ్యసమితి నివేదిక వెల్లడించింది. టన్ను ఖనిజం నుండి సాధారణంగా కొద్ది గ్రాముల బంగారమే లభిస్తుండగా, టన్ను సెల్‌ఫోన్లలో అది వందల గ్రాములలో ఉండటం గమనార్హం. టోక్యో ఒలింపిక్స్ పతకాల కొరకు 2017-19 మధ్య జపాన్ ప్రజలు 62 లక్షలకు పైగా సెల్‌ఫోన్లతో సహా 78,985 టన్నుల పాత పరికరాలను అందజేశారు. వాటి నుండి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి లభించాయి.

వెలికితీత విధానం

తొలుత పరికరాలను చేతితో విడదీసి, బ్యాటరీలను, సర్క్యూట్ బోర్డులను వేరు చేయాలి. అన్నింటినీ కలిపి పొడిచేస్తే పూతగా ఉన్న బంగారం ఇనుము, ప్లాస్టిక్ పొడితో కలిసి వృథా అవుతుంది. బోర్డులను కొలిమిలో రాగితో కలిపి కరిగించినప్పుడు విలువైన లోహాలు రాగిలో కలుస్తాయి. ఆ రాగిని విద్యుద్విశ్లేషణతో శుద్ధి చేయగా అడుగున మిగిలే మడ్డి నుండి బంగారం, వెండి, పల్లాడియం లభిస్తాయి. హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ సర్క్యూట్ బోర్డుల నుండి లోహాలను తిరిగి రాబట్టే సాంకేతిక పరిజ్ఞానాన్ని రూపొందించింది.

అశాస్త్రీయ పద్ధతులతో ముప్పు

అనుమతి లేని చోట్ల తీగలను ఆరుబయట తగులబెట్టి, బోర్డులను ఆమ్లాలలో నానబెట్టి బంగారం తీయడం ప్రాణాంతకం. విషవాయువులు, సీసం ముందుగా పనివారి ఊపిరితిత్తులకు, రక్తానికి చేరుతాయి. వాడిన ఆమ్లం నేలలో ఇంకి భూగర్భ జలాలను కలుషితం చేస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరిరక్షణకై 1996లో జారీ అయిన జీవో 111 పరిధిలోని 84 గ్రామాలలో షాబాద్ మండల గ్రామాలు కూడా ఉన్నాయి. 2022లో జీవో 69 ద్వారా ఆంక్షలను సడలించినప్పటికీ, జలాశయాల నీటి నాణ్యతకు భంగం కలుగరాదన్న షరతును విధించడం జరిగింది.

నిబంధనలు

2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఉత్పత్తిదారులు 2025-26లో 70 శాతం, 2027-28 నుండి 80 శాతం లక్ష్యాన్ని చేరుకోవలసి ఉన్నది. రీసైక్లింగ్ సంస్థలు వాస్తవంగా రాబట్టిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము ఆధారంగా ధ్రువపత్రాలు జారీ అవుతాయి. ఏడాదిలో ఏ సమయంలోనైనా వెయ్యికి తగ్గకుండా పరికరాలను వినియోగించిన సంస్థలు భారీ వినియోగదారుల కిందకు వస్తాయి. ఇవి తమ వ్యర్థాలను నమోదిత సంస్థలకే విధిగా అప్పగించాలి.

కార్యాలయాలలో పాత కంప్యూటర్లను వేలం వేసేటప్పుడు హెచ్చు ధర ఒక్కటే ప్రాతిపదిక కారాదు. కొనుగోలుదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉన్నదీ లేనిదీ అధికారులు ముందుగా సరిచూచుకోవాలి. పాత పరికరం సరైన చేతికి చేరితే సంపద అవుతుంది. చేరనినాడు అదే ఊరి నీటికి విషమవుతుంది.