బోలు దేహం, గట్టి వెన్నెముక
విద్యుత్ గిటారు తొలిరోజులలో వాద్యకారులను ఒక బెడద వేధించేది. లౌడ్‌స్పీకరు నుంచి వెలువడిన ధ్వని గిటారు బోలు దేహాన్ని తిరిగి కంపింపజేసి, చెవులు చిల్లులు పడేలా ఊళ పెట్టించేది. నిండుచెక్క గిటారుకు ఆ బాధ తక్కువే కాని, బోలు వాద్యంలోని మార్దవం దానికి లేదు. 1958లో అమెరికాకు చెందిన గిబ్సన్ సంస్థ మధ్యేమార్గం చూపింది. ఇఎస్-335 అనే ఆ గిటారు ఇరుపక్కలా బోలు. నడుమ మాత్రం వెన్నెముకలా ఒక చెక్కదిమ్మె.

దాని ఖరీదు సామాన్యునికి నేటికీ అందనిదే. అయితే గిబ్సన్‌కే చెందిన ఎపిఫోన్, జపాను సంస్థ ఐబనెజ్ అదే సూత్రంతో చాలా తక్కువ ధరకు గిటార్లు అందిస్తున్నాయి. కూడబెట్టిన సొమ్ముతో కొనేవారు తొందరపడరాదు. ఐబనెజ్ 'ఆర్ట్‌కోర్' శ్రేణిలో ఏఎఫ్ రకం పూర్తిగా బోలు. దిమ్మె ఉన్నది ఏఎస్ రకంలో. 'ఎఫ్' ఆకారపు రంధ్రంలోంచి తొంగిచూస్తే సంగతి తెలుస్తుంది.

తరువాత ప్రతి మెట్టు మీదా తీగను నొక్కి మీటాలి. ఎక్కడా జీర వినిపించరాదు. ధ్వనిని హెచ్చించే మరలు తిప్పినప్పుడు గరగరలాడితే జాగ్రత్తపడాలి. ఈ గిటార్లలో చాలావాటికి వెనుక మూత ఉండదు. మరమ్మతు చేయాలంటే లోపలి తీగలన్నిటినీ ఆ రంధ్రంలోంచే బయటికి లాగాలి. చౌకలో మిగిలినదంతా ఆ కూలికే చెల్లిపోవచ్చు.

ఊళకు మాత్రం అంతగా వెరవనక్కరలేదు. దానిని అణచడానికి బి.బి.కింగ్ అంతటివాడే రంధ్రాలలో గుడ్డలు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన కోసం రంధ్రాలే లేని 'లూసిల్' గిటారును రూపొందించింది. గుడ్డపీలికతో తీరే లోపాన్ని మన్నించవచ్చు. వంకరపోయిన మెడను మన్నించరాదు.